తాతయ్య ఆడిన నాలుగు ఆటలు

'ఆ దిక్కుమాలిన ఆటలు ఆపరా నాన్నా, కళ్లు పోతాయి!'

సెలవులకి మనవలు వచ్చిన ఇంట్లో రోజుకి నాలుగుసార్లయినా వినిపించే మాట ఇది. రాజమండ్రిలోని ఆ ఇంట్లోనూ వినిపించింది. అన్నది తాతయ్య. వయసు 68. మండలాఫీసులో గుమస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యారు. విన్నది ఆయన కూతురి కొడుకు. పద్నాలుగేళ్లవాడు. అమెరికాలో పుట్టి పెరిగాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడాలంటే మాత్రం మూడు మాటలకోసారి ఆగి వెతుక్కుంటాడు.

'తాతయ్యా, నువ్వు... ఎప్పుడైనా ఆడావా?' అని అడిగాడు వాడు.

ఆడలేదు. టీవీలో, పేపర్లో చూసి తిట్టడమే తప్ప, ఒక్క ఆటయినా ఆడి చూసింది లేదు. ఫైలు చదవకుండా నోటు రాయకూడదని ఉద్యోగమంతా కిందివాళ్లకి చెప్పిన మనిషి. కాబట్టి 'సరే, చూపించు' అన్నారు. షరతు ఒక్కటే... తుపాకులు పేల్చేవి వద్దు. మనవడు ఆలోచించి ల్యాప్‌టాప్‌లోంచి నాలుగు ఏరాడు. మూడు వారాలపాటు రోజూ సాయంత్రం కాఫీ అయ్యాక గంటన్నర ఆట. ఆ నాలుగింటిమీదా ఆయనకి గట్టి అభిప్రాయాలే ఏర్పడ్డాయి. కొన్ని మనవడికి నచ్చాయి, కొన్ని నచ్చలేదు. ఒకటి మాత్రం ఇద్దరినీ ఓ రాత్రి చాలాసేపు మేలుకోబెట్టింది.

బొమ్మ బాగుంది, కథ తెగింది

మొదటిది 'రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్'. మనవాళ్లు చేసిన ఆటే. పుణెలోని 'నాడింగ్ హెడ్స్ గేమ్స్' అనే చిన్న సంస్థ తయారుచేసింది. 2017లో ఇంటర్నెట్‌లో చందాలు పోగుచేయడానికి ప్రయత్నిస్తే అనుకున్నంత రాలేదు. అయినా పట్టు వదలకుండా 2020లో విడుదల చేశారు. కథ తేలికే. రాజీ అనే అమ్మాయి, ఆమె తమ్ముడు గోలు... ఇద్దరూ సర్కస్ పిల్లలు. రాఖీ పండుగనాడు రాక్షసులు వచ్చి గోలుని ఎత్తుకుపోతారు. దుర్గమ్మవారి త్రిశూలం పట్టుకుని అక్క బయల్దేరుతుంది. ఆమె చేసే ప్రతి పనినీ పైనుంచి దుర్గ, విష్ణుమూర్తి చూస్తూ మాట్లాడుకుంటుంటారు.

గోడలమీద చిత్రాలు, కోటలు, దీపాలు చూసి తాతయ్య ముచ్చటపడ్డారు. మధ్యమధ్యలో కథని తెరమీద నీడబొమ్మలతో చెబుతుంటే 'అచ్చం మన తోలుబొమ్మలాటే' అని భార్యని కూడా పిలిచి చూపించారు. ఆ తర్వాతే కష్టాలు మొదలయ్యాయి. పరుగెత్తడానికి ఒక మీట, ఎగరడానికి ఒకటి, పొడవడానికి మరొకటి. టైపు మిషను మీద ముప్పయ్యేళ్లు కొట్టిన వేళ్లు కూడా ఇక్కడ చేతులెత్తేశాయి. రాజీ మొదటి గంటలో పదిహేడుసార్లు లోయలో పడింది. లెక్కపెట్టింది మనవడు!

వేళ్లు రానందుకు ఆయన ఆటని తప్పుపట్టలేదు. ఆయన ఫిర్యాదు వేరు. ఒక ఆవరణలోకి వెళ్లడం, రాక్షసుల గుంపుతో పోరాడటం, తలుపు తెరుచుకోవడం, మళ్లీ ఇంకో ఆవరణ... చివరికొచ్చేసరికి ఇదే తంతు. పోనీ కథయినా పూర్తవుతుందా అంటే, అసలు ఘట్టం మొదలవుతుందనగానే సినిమాకి ఇంటర్వెల్ దగ్గర లైట్లు వేసినట్టు ఆగిపోతుంది. 'మనవాళ్లు చేశారు కదా తాతయ్యా' అని మనవడు సర్దిచెప్పబోయాడు. 'ఇంట్లోవాళ్లు వండారని ఉప్పు లేని కూరని బాగుందంటే, రేపు కూడా అలాగే వండుతార్రా' అన్నారాయన. నూటికి యాభై మార్కులు వేశారు. అందులో ముప్పై బొమ్మలకే.

అప్పులేని రైతు

రెండోది 'స్టార్‌డ్యూ వ్యాలీ'. దీని వెనక కథ విని తాతయ్య నోరెళ్లబెట్టారు. అమెరికాలోని ఎరిక్ బారోన్ అనే కుర్రాడు బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రాము... అన్నీ ఒక్కడే కూర్చుని నాలుగున్నరేళ్లు చేశాడు. 2016 ఫిబ్రవరిలో విడుదలైతే, 2024 చివరికి నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

పట్నంలో పెద్ద కంపెనీలో గుమస్తాగా విసిగిపోయిన మనిషికి, చనిపోయిన తాత రాసిపెట్టిన ఉత్తరం దొరుకుతుంది. ఊళ్లోని పాత పొలం నీదే, వెళ్లు అని దాని సారాంశం. అక్కడికెళ్లి రాళ్లు ఏరి, ముళ్లపొదలు కొట్టి, దున్ని, విత్తనం వేసి, నీళ్లు పోయాలి. కాలానికి 28 రోజులు. కాలం మారితే ఆ కాలపు పంట పొలంలోనే ఎండిపోతుంది. దిష్టిబొమ్మ పెట్టకపోతే కాకులు తినేస్తాయి. ఊళ్లోవాళ్లకి చిన్నచిన్న కానుకలిస్తూ పోతే స్నేహం పెరుగుతుంది. మూడో ఏడు మొదట్లో తాత ఆత్మ వచ్చి, ఏం సాధించావో చూసి మెచ్చుకుంటుంది.

తాతయ్యకి ఇది బాగా పట్టింది. ఎవరినీ కొట్టక్కర్లేదు, ఎక్కడినుంచీ పడిపోరు. నాలుగు రోజుల్లో ఇంటి ముందు పాతిక మడులు వేసేశారు. అంతలో కోనసీమ నుంచి ఆయన బావమరిది వచ్చారు. నాలుగెకరాల వరి రైతు. బావగారి భుజం మీదుగా పావుగంట చూసి, ఒక్కో ప్రశ్నే వేశారు.

'విత్తనం ఎంత బావా?'

'20. నాలుగు రోజుల్లో పంట. 35కి కొంటారు.'

'ఒక్కరోజే వంద తెచ్చి పడేస్తే?'

'అప్పుడూ 35కే.'

'వాన పడితే?'

'ఆరోజు నీళ్లు పోసే పని తప్పుతుంది.'

'అంతేనా? చేను మునగదా?'

'మునగదు.'

'అప్పు?'

'లేదు.'

బావమరిది పకపకా నవ్వి, 'ఆ ఊరికి బస్సెక్కడ ఎక్కాలండీ?' అన్నారు.

తాతయ్య అభిప్రాయం ఆ నవ్వుతో కొంచెం మారింది. ఇది వ్యవసాయం ఆట కాదని, చేసిన కష్టానికి తప్పకుండా ఫలితం దక్కే ఒక లోకం గురించిన కల అని ఆయన తేల్చారు. పట్నాల్లో ఆఫీసులకి వెళ్లేవాళ్లు కోట్లమంది దీన్ని ఎందుకు కొన్నారో కూడా అప్పుడే అర్థమైందన్నారు. కల అని తెలిసి ఆడితే మంచి ఆట. వ్యవసాయమంటే ఇదేననుకుంటే మాత్రం చిక్కే.

మనవడు ఆ చిక్కులో పడలేదు. 'మరి వరికి ఎన్ని రోజులు?' అని అడిగాడు. నాలుగైదు నెలలు అనగానే వాడి కళ్లు పెద్దవయ్యాయి. మర్నాడు బావమరిది వెంట కోనసీమ వెళ్లి, నారుమడి గట్టుమీద నడిచి, కాళ్లకి బురదతో తిరిగొచ్చాడు. ఈ ఆటకి ఎనభై మార్కులు. ఆ బురదకి మరో అయిదు కలిపారు తాతయ్య.

చెరిగిపోయిన అక్షరాలు

మూడోది 'వెణ్బా'. తమిళంలో ఒక పద్యరీతి పేరది. ఈ ఆటలో మాత్రం ఒక ఇల్లాలి పేరు. కెనడాలోని టొరంటోలో 'విసై గేమ్స్' అనే చిన్న బృందం చేసి 2023 జులైలో విడుదల చేసింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డుల్లో తొలి ప్రయత్నానికిచ్చే బహుమతిని గెలుచుకుంది.

1980ల చివర్లో భర్త పావలన్‌తో కలిసి కెనడా వెళ్లిన తమిళావిడ వెణ్బా. అక్కడ ఉద్యోగాలు దొరకడం కష్టం, మాట్లాడే తోడు తక్కువ. కొడుకు కవిన్ పుడతాడు. పెరిగేకొద్దీ అమ్మ భాషకి దూరమవుతుంటాడు. అమ్మ దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన వంటల పుస్తకం ఉంటుంది. అది పాడైపోయి, కొన్నిచోట్ల అక్షరాలు చెరిగిపోయాయి. ఇడ్లీ, పుట్టు లాంటివి చేస్తూ, ఆ చెరిగిన చోట ఏముండి ఉంటుందో ఆడేవాళ్లు ఊహించాలి. ఏది ముందు, ఏది తర్వాత... తప్పితే వంట చెడుతుంది.

ఇక్కడ తాతయ్య చేతులెత్తేసి భార్యని పిలిచారు. మునుపెన్నడూ కంప్యూటరు ముట్టని అమ్మమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, 'అది కాదండీ, ముందు అడుగున నీళ్లు పొయ్యండి' అంటూ పెత్తనం తీసుకున్నారు. తమిళులు ఇడ్లీకి బియ్యమే రుబ్బుతారనీ, మనం రవ్వ కలుపుతామనీ మనవడికి పాఠం కూడా చెప్పారు. ముగ్గురూ కలిసి ఆడిన ఆట ఇదొక్కటే.

ఆట సగం దాటాక ఇల్లు నిశ్శబ్దమైంది. పెద్దవాడైన కవిన్ అమ్మ పుస్తకం తెరుస్తాడు. తమిళం సరిగ్గా చదవలేడు. ముక్కముక్కలుగా కూడబలుక్కుంటూ వండాలి. మనవడు మౌస్ పట్టుకుని చాలాసేపు ఏమీ నొక్కలేదు. తర్వాత మెల్లగా, 'అమ్మమ్మా, నీ వంటలు... రాశావా?' అని అడిగాడు.

'రాయడానికేముందిరా, చేత్తో తెలుస్తుంది' అన్నారావిడ.

ఆ రాత్రి వాడు నోటుపుస్తకం తీసుకుని వంటింట్లో కూర్చున్నాడు. పులిహోర. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు. 'పోపు' అంటే ఏమిటో అడిగాడు. 'చారెడు' అంటే ఎన్ని గ్రాములో అడిగాడు. అమ్మమ్మ అరచేయి చాపి చూపిస్తే, వాడు పేజీ మీద ఆ చేతిని పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీత గీసుకున్నాడు.

ఇంత నచ్చినా తాతయ్య మార్కులు గుడ్డిగా వేయలేదు. గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. ఒకసారి వంటల గుట్టు తెలిశాక మళ్లీ ఆడటానికి పెద్దగా మిగలదు. తండ్రి పాత్ర మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టాల్సింది. 'ఆ పావలన్ ఏం అనుకున్నాడో ఎవరూ అడగలేదు' అన్నారు, కాస్త కినుకగానే. అయినా తొంభై. తెలుగులో ఇలాంటిదొకటి రావాలని కూడా అన్నారు.

ఎర్ర ముద్ర

నాలుగోది 'పేపర్స్, ప్లీజ్'. చూడ్డానికి అన్నిట్లోకీ అనాకారిది. బూడిదరంగు తెర, మోటు మొహాలు. లూకాస్ పోప్ అనే అమెరికన్ జపాన్‌లో ఉంటున్నప్పుడు దీన్ని తయారుచేసి 2013లో విడుదల చేశాడు. విమానాశ్రయాల్లో పాస్‌పోర్టులు తనిఖీ చేసేవాళ్లని చూస్తే ఈ ఆలోచన వచ్చిందట. మనవడు దీన్ని తాతయ్యకి ఎందుకు ఇచ్చాడంటే... 'నీ జాబ్ ఇదే కదా!'

ఆర్‌స్టోట్జ్‌కా అనే కల్పిత దేశం. 1982 నవంబరు. సరిహద్దులో ఒక గది. లాటరీలో ఆ గదిలో ఉద్యోగం వచ్చిన గుమస్తా మనమే. వరసలో ఒక్కొక్కరూ వచ్చి కాయితాలు ఇస్తారు. తేదీ, ఫొటో, ఊరిపేరు, ముద్ర... అన్నీ సరిచూసి పచ్చముద్రో ఎర్రముద్రో వేయాలి. సరిగ్గా చూసిన మనిషికి 5 చొప్పున జీతం. దాంతోనే సాయంత్రం ఇంటి అద్దె, తిండి, చలికి వెచ్చదనం, జబ్బుపడితే మందులు. భార్య, కొడుకు, అత్తగారు, మామయ్య... అందరూ దానిమీదే ఆధారం. రోజూ పొద్దున్న కొత్త నిబంధన వస్తుంది. రోజుకి రెండు తప్పులవరకూ హెచ్చరిక చీటీతో సరి. ఆపైన జీతంలో కోత.

తాతయ్య చెలరేగిపోయారు. గడువు తీరిన పర్మిట్లు, మార్చిన ఫొటోలు, దొంగ ముద్రలు... చూడగానే పట్టేస్తున్నారు. మనవడికి రెండు నిమిషాలు పట్టేది ఆయనకి అరనిమిషం. 'తాతయ్యా, నువ్వు సూపర్!' అని వాడు కుర్చీలోంచి లేచి మరీ అరిచాడు. మూడు వారాల్లో మొదటిసారి ఆయన మొహంలో విజయగర్వం కనిపించింది.

ఆటలో అయిదో రోజు ఒక మనిషి వచ్చాడు. కాయితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. వెళ్తూ, వెనకే నా భార్య వస్తోంది, కాస్త దయచూడండి అన్నాడు. ఆమె వచ్చింది. పాస్‌పోర్టు ఉంది. ప్రవేశ పత్రం లేదు. ఇవ్వలేదండీ, వెనక్కి పంపితే నన్ను చంపేస్తారు అంది. తాతయ్య ఆ మాటలు పూర్తిగా చదివారో లేదో, ఎర్రముద్ర పడిపోయింది. ఆమె వెళ్లిపోయింది.

'ఎందుకలా చేశావు?' అన్నాడు మనవడు.

'కాయితం లేదు కదరా.'

వాడు మరేమీ అనలేదు. ఆయన మరో ఇద్దరిని చూశారు. తర్వాత ల్యాప్‌టాప్ మూసేసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నాక మనవడికి ఒక సంగతి చెప్పారు. ఎప్పుడో 1990లలో మాట. ఒక మండలాఫీసు. మధ్యాహ్నం మూడింటికి ఓ కుర్రాడు కుల ధ్రువపత్రం కోసం వచ్చాడు. మర్నాడు కాలేజీలో చేరడానికి ఆఖరి రోజు. దరఖాస్తు ఉంది, రేషన్ కార్డు నకలు ఉంది. గ్రామాధికారి సంతకం లేదు. ఆయన దొరకలేదండీ, రెండుసార్లు తిరిగాను అన్నాడు. కుర్రాడి తండ్రి అందరికీ తెలిసినవాడే, అనుమానించాల్సిందేమీ లేదు. ఫైలు పైకి పంపి, అధికారికి నోటిమాటగా చెబితే సంతకం పెట్టేవారే. మహా అయితే తర్వాత ఒక మెమో వచ్చేది. 'సంతకం పెట్టించుకుని రేపు రా' అని పంపేశారు. కుర్రాడు రేపూ రాలేదు, తర్వాతా రాలేదు.

'తర్వాత ఏమయ్యాడు?' అడిగాడు మనవడు.

'తెలీదు. కనుక్కోలేదు' అన్నారు తాతయ్య.

పొద్దున్నే లేచి ఆయన అయిదో రోజుని మళ్లీ మొదటినుంచి ఆడారు. ఆమెకి పచ్చముద్ర వేశారు. టకటకమంటూ హెచ్చరిక చీటీ వచ్చింది. జరిమానా లేదు. దాన్ని చూస్తూ 'ఇంతేనా!' అన్నారు. ఆ మాటని మనవడు నవ్వులాటగా తీసుకోలేదు.

ఈ ఆటకి ఇరవై రకాల ముగింపులున్నాయి. తాతయ్య మూడు చూశారు. లోపాలూ చెప్పారు. కథ సగంలో వచ్చే రహస్య సంఘం వ్యవహారం గజిబిజిగా ఉందన్నారు. రోజులు గడిచేకొద్దీ నిబంధనలు మరీ ఎక్కువై, మనుషుల మొహం చూసే తీరికే ఉండదన్నారు. అదే కదా ఆట చెప్పేది అన్నాడు మనవడు. ఆయన కాసేపు ఆలోచించి, 'అవును, మాకూ ఉండేది కాదు' అని ఒప్పుకున్నారు. మార్కులు అడిగితే మాత్రం వేయలేదు. 'దీనికి మార్కులెయ్యడానికి నేనెవర్రా' అన్నారు.

అన్నీ ఒకటి కాదు

మరి ఆటలన్నీ మంచివేనా? తాతయ్య అలా అనడంలేదు. ఆయన చూసినవాటిలో ఒక పోలిక ఉంది. నాలుగూ ఒకసారి డబ్బిచ్చి కొనేసేవి. ఆ తర్వాత ఆ కత్తి కొను, ఈ చొక్కా కొను అని అడగవు. మంచి చోటు చూసి ఆపేస్తే కోప్పడవు. ఫోన్లో ఊరికే వచ్చే ఆటలు చాలావరకు అలా కాదు. మొదట ఉచితం అంటాయి, తర్వాత అడుగడుక్కీ చేయి చాపుతాయి. ఇక అసలు డబ్బు పందెం కట్టే ఆటల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎన్ని ఇళ్లు గుల్లయ్యాకో, 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి వాటిని నిషేధించింది. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి 'వీడియో గేములు' అని తిట్టడం, హరికథనీ పేకాటక్లబ్బునీ ఒకే కాలక్షేపం అన్నట్టు ఉంటుందంటారాయన.

వయసు కూడా చూసుకోవాలి. 'వెణ్బా' ఇంటిల్లిపాదీ ఆడొచ్చు. 'స్టార్‌డ్యూ వ్యాలీ' పన్నెండేళ్లు దాటినవాళ్లకి మంచిది. ఒకటే ప్రమాదం, 'ఇంకొక్క రోజు' అంటూ తెల్లారిపోతుంది. 'పేపర్స్, ప్లీజ్'లో మనుషుల్ని సోదా చేసే దృశ్యాలుంటాయి. నగ్నత్వం కనిపించకుండా చేసే వీలు అందులోనే ఉంది. అయినా హైస్కూలు పిల్లలు పెద్దవాళ్లు పక్కనుండగా ఆడితేనే దానివల్ల ప్రయోజనం. పక్కన ఎవరూ లేకపోతే ఆ ఎర్రముద్ర గురించి 'ఎందుకలా చేశావు?' అని అడిగేవాళ్లుండరు.

మనవడు గత నెలలో తిరిగి వెళ్లిపోయాడు. పెట్టెలో పచ్చళ్ల సీసాల మధ్య, చేయి బొమ్మ ఉన్న నోటుపుస్తకం భద్రంగా వెళ్లింది. ఇప్పుడు ఆదివారాలు వీడియో కాల్లో 'ఇంకా ఆ ఆటలేనా?' అని తాతయ్య అడగడంలేదు. 'ఏం ఆడుతున్నావురా? ఎలా ఉంది?' అంటున్నారు. వాడు చెప్పడం మొదలుపెడితే అరగంట. ఆ అరగంటా తెలుగే!

ఇంకోటి కూడా జరిగింది. వీధి చివర సచివాలయం ముందు దరఖాస్తులు నింపుకోవడం రానివాళ్లు రోజూ కొందరు నిలబడుతుంటారు. తాతయ్య ఇప్పుడు పొద్దున్న పదింటికల్లా కళ్లద్దాలూ రెండు పెన్నులూ తీసుకుని అక్కడికి వెళ్తున్నారు. ఏ కాయితం తక్కువైందో ఆయనకి చూడగానే తెలిసిపోతుంది. దాన్ని ఎవరిని అడిగితే ఎక్కడ దొరుకుతుందో కూడా చెబుతారు. 'రేపు రా' అన్న మాట మాత్రం అనరు.